కెరీర్ కౌన్సెలింగ్‌లో తెలియకుండా దొర్లే లింగ పక్షపాతం: పట్టుకోవడం, సరిదిద్దుకోవడం ఎలా?

విద్యార్థులకు కోర్సుల గురించి, వృత్తుల గురించి సలహా చెప్పే ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "అబ్బాయిలనూ అమ్మాయిలనూ నేను వేరుగా చూడను. అయినా నా సలహాలో పక్షపాతం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?"

ఎంత ఆత్మపరిశీలన చేసుకున్నా ఇది తెలియదు. తెలియకుండా పనిచేయడమే దాని స్వభావం. కానీ దాని ఆనవాళ్లు కాగితం మీద దొరుకుతాయి. ఎవరికి ఏ దారులు చూపించాం? ఎవరిని ఏ ప్రశ్న అడిగాం? ఎవరు వెనకాడితే ధైర్యం చెప్పాం, ఎవరు వెనకాడితే సరేనని ఊరుకున్నాం? అందుకే కింది అడుగులన్నీ రాసుకోవడం, పోల్చుకోవడం మీద ఆధారపడి ఉంటాయి. వరుస మార్చకుండా చేయండి. మూడో అడుగు వదిలేస్తే మిగతావాటికి పట్టు ఉండదు.

## 1. ఎక్కడ వెతకాలో ముందుగా తెలుసుకోండి

"ఈ పని ఆడపిల్లలకు కుదరదు" అని మొహం మీదే చెప్పే సలహాదారులు తక్కువ. పక్షపాతం ఎక్కువగా శ్రద్ధ రూపంలో వస్తుంది. "నీకు ఇబ్బంది అవుతుందేమో ఆలోచించుకో", "ఇంత ఒత్తిడి అవసరమా?" అనే మాటల వెనక ఉద్దేశం మంచిదే. వినే విద్యార్థికి మాత్రం ఒక అవకాశం అక్కడితో ఆగిపోతుంది.

నాలుగు చోట్ల వెతకండి:

- ప్రస్తావన: విద్యార్థి అడగకముందే మీరు ఏ వృత్తుల పేర్లు చెప్పారు? ఏవి మీ నోటి వెంట రాలేదు?
- ప్రశ్న: కుటుంబం, పెళ్లి, దూరం, భద్రత, జీతం గురించి ఎవరిని అడిగారు?
- సందేహం: "నా వల్ల కాదేమో" అని విద్యార్థి అన్నప్పుడు మీ జవాబు ఏమిటి?
- వర్ణన: ఆ విద్యార్థి గురించి ఇతరులకు చెప్పేటప్పుడు, రాసేటప్పుడు ఏ మాటలు వాడారు?

వీటిలో ఎక్కువ నష్టం చేసేది మొదటిదేనని నా నమ్మకం. తప్పు మాట అంటే ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారు. అసలు చెప్పని మాటకు అభ్యంతరం చెప్పేవారు ఉండరు. తనకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ గురించి ఎవరూ చెప్పలేదని ఒక అమ్మాయికీ, నర్సింగ్ గురించి ఎవరూ చెప్పలేదని ఒక అబ్బాయికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు.

## 2. రికార్డు సిద్ధం చేసుకోండి

కావలసింది ఒక నోటు పుస్తకం, ప్రతి విద్యార్థికీ ఒక పేజీ. పేజీలో ఈ గడులు గీయండి:

- విద్యార్థి తనంతట తాను చెప్పిన ఆసక్తులు (వీలైనంత వరకు తన మాటల్లోనే)
- మార్కులు, చేసిన పనులు, ఇతర ఆధారాలు
- నేను ప్రస్తావించిన వృత్తులు, చెప్పిన వరుసలో
- నేను అడిగిన ప్రశ్నలు
- విద్యార్థి వ్యక్తం చేసిన సందేహం, దానికి నా జవాబు
- చివరికి అనుకున్న తదుపరి పని

మాట్లాడటం పూర్తయిన వెంటనే నింపండి. సాయంత్రానికి వాయిదా వేస్తే జరిగినదాని బదులు, జరిగి ఉంటే బాగుండేదనిపించినదే గుర్తుకొస్తుంది.

రాయడంలో ఒక జాగ్రత్త ఉంది. పేరు పేజీ వెనక రాయండి. "అన్నాడు", "అంది" అనే క్రియలు వాడకుండా "విద్యార్థి మాట:", "నా మాట:" అని రాయండి. ఎందుకో తొమ్మిదో అడుగులో తెలుస్తుంది.

చాలామంది ఇంటర్నెట్‌లో దొరికే అంతర్లీన అనుబంధ పరీక్షతో (Implicit Association Test) మొదలుపెడదామనుకుంటారు. తెలియకుండా పనిచేసే మొగ్గును పట్టుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీన్‌వాల్డ్, అతని సహచరులు 1998లో ప్రకటించిన పరీక్ష అది. పదాలను, బొమ్మలను ఎంత వేగంగా జత చేస్తున్నామో అది కొలుస్తుంది. చేసి చూడటంలో తప్పు లేదు. అయితే ఒకే మనిషికి రెండుసార్లు చేస్తే ఫలితం మారిపోవచ్చు, ఆ ఫలితాన్ని బట్టి మనిషి నడవడికను అంచనా వేయడమూ కష్టమే. ఆ పరీక్షలో మంచి ఫలితం వచ్చిందని రికార్డు రాయడం మానేయకండి.

## 3. విద్యార్థిని కలవకముందే ప్రమాణాలు రాసుకోండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి.

ఎరిక్ ఊల్మన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తాయి. పోలీసు అధిపతి పదవికి ఒక పురుషుడు, ఒక స్త్రీ అభ్యర్థులు. ఒకరికి చదువు ఎక్కువ, మరొకరికి క్షేత్రానుభవం ఎక్కువ. పురుషుడికి చదువు ఉన్నట్టు చూపిస్తే, ఈ ఉద్యోగానికి చదువు చాలా ముఖ్యమని పాల్గొన్నవారు తేల్చారు. అంటే ముందు మనిషిని ఎంచుకుని, తర్వాత అతనికి తగ్గట్టు ప్రమాణాన్ని మలిచారు. అభ్యర్థుల వివరాలు చూడకముందే ప్రమాణాలు నిర్ణయించుకోమన్నప్పుడు మాత్రం ఆ వివక్ష కనబడలేదు.

కౌన్సెలింగ్‌లో జరిగేదీ ఇదే. గణితంలో మంచి మార్కులు వచ్చిన అబ్బాయితో "మార్కులే చెబుతున్నాయి కదా" అంటాం. అవే మార్కులు వచ్చిన అమ్మాయితో "మార్కులు ఒక్కటే కాదు, ఆసక్తి కూడా ఉండాలి" అంటాం. రెండు వాక్యాలూ సరైనవే. తప్పంతా ఏది ఎవరికి చెప్పామన్న దాంట్లో ఉంది.

ఇలా చేయండి:

1. మీరు తరచూ సలహా ఇచ్చే పది పన్నెండు రంగాలతో ఒక జాబితా వేయండి: ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, బోధన, న్యాయశాస్త్రం, డిజైన్, గణకశాస్త్రం (అకౌంటెన్సీ), చేతిపని నైపుణ్యాలు వంటివి.
2. ఒక్కో రంగానికి, అది ప్రస్తావించడానికి ఏం కనబడితే చాలో రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఉదాహరణకు: "గణితంలో తరగతి సగటు కన్నా ఎక్కువ మార్కులు, వస్తువులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే ఇంజనీరింగ్ ప్రస్తావించాలి."
3. ఆ కాగితానికి తేదీ వేసి బల్ల మీద పెట్టుకోండి.
4. విద్యార్థి ఆధారాలు ప్రమాణానికి సరిపోతే ఆ రంగం పేరు చెప్పి తీరాలి. ఇష్టం లేదంటే అది విద్యార్థి నిర్ణయం.
5. ఎవరి విషయంలోనైనా ప్రమాణాన్ని పక్కన పెడితే కారణం రాయండి.

"ప్రతి విద్యార్థీ ప్రత్యేకం, కొలబద్ద పెట్టకూడదు" అని కొందరు అభ్యంతరం చెబుతారు. ఈ కాగితం ఎవరినీ వడపోయడానికి కాదు. ఏ పేరునూ మరచిపోకుండా చూడటానికే.

## 4. సంభాషణను ఈ వరుసలో నడపండి

మొదట పనుల గురించి అడగండి, వృత్తుల గురించి కాదు. "ఏమవుదామనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అప్పటికే వడపోతకు గురైనది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులోనే పిల్లలు "ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని" అనే గీత ప్రకారం కొన్ని వృత్తులను తమ పరిధి నుంచి తీసేస్తారని లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి "ఏ పని చేస్తుంటే సమయం తెలియదు?", "ఇంట్లో ఏదైనా పాడైతే ఏం చేస్తావు?", "ఎవరికైనా ఏదైనా నేర్పావా?" అని మొదలుపెట్టండి.

తర్వాత ఆధారాలు చూడండి. విద్యార్థి తన గురించి తాను వేసుకునే అంచనాను ఆధారంగా తీసుకోకండి. ఒకే స్థాయి మార్కులున్నా గణితంలో తమ సామర్థ్యాన్ని అబ్బాయిలు ఎక్కువగా, అమ్మాయిలు తక్కువగా అంచనా వేసుకుంటారని, ఆ అంచనాయే తర్వాతి కోర్సుల ఎంపికను ప్రభావితం చేస్తుందని షెల్లీ కొరెల్ 2001లో అమెరికా విద్యార్థుల సమాచారంతో చూపించారు. "నాకు లెక్కలు రావు" అని ఎవరైనా అంటే జవాబు పత్రాలు తెప్పించి ఇద్దరూ కలిసి చూడండి.

ఆ తర్వాతే వృత్తుల పేర్లు చెప్పండి. మీ ప్రమాణాల కాగితం ప్రకారం సరిపోయినవన్నీ చెప్పండి. మొదట చెప్పినదానికే ఎక్కువ బరువు ఉంటుంది కాబట్టి, ఎప్పుడూ ఒకే వరుసలో (అక్షరక్రమం చాలు) చెప్పడం అలవాటు చేసుకోండి. పనిచేసేవారి గురించి మాట్లాడేటప్పుడు నర్సు అనగానే "ఆమె", పైలట్ అనగానే "ఆయన" అని నోటికి వస్తుంది. రెండు చోట్లా "వారు" అనండి.

చివరగా సందేహాలు వినండి. వాటి గురించి విడిగా చెప్పుకోవాలి.

## 5. "నా వల్ల కాదేమో" అన్నప్పుడు

పక్షపాతం బయటపడే అసలు క్షణం ఇదే.

గణితంలో ఒకే మార్కులున్న ఇద్దరు విద్యార్థులు "ఇంజనీరింగ్ కష్టమేమో" అన్నారనుకోండి. అబ్బాయికి "సాధన చేస్తే అదే వస్తుంది" అని, అమ్మాయికి "సరే, ఇష్టం లేకపోతే బలవంతం ఎందుకు" అని జవాబు చెప్పడం చాలా సులభంగా జరిగిపోతుంది. రెండో జవాబు గౌరవంలా కనిపిస్తుంది. అందుకే పట్టుకోవడం కష్టం. విద్యార్థి అన్నది "కష్టమేమో" అని. మనం విన్నది "ఇష్టం లేదు" అని.

నాన్సీ బెట్జ్, గెయిల్ హ్యాకెట్ 1981లో కళాశాల విద్యార్థులను పరిశీలించారు. సామర్థ్య పరీక్షల్లో స్త్రీ పురుషుల మధ్య తేడా లేదు. అయినా సాంప్రదాయికంగా పురుషులు ఎక్కువగా ఉండే వృత్తుల విషయంలో విద్యార్థినులకు తమ మీద నమ్మకం తక్కువగా ఉంది. లేనిది నమ్మకం, శక్తి కాదు. అలాంటప్పుడు వెంటనే ఒప్పుకోవడమంటే ఆ అపనమ్మకానికి మన ముద్ర కూడా వేయడమే.

ఎవరు సందేహించినా ఈ మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగండి:

1. "ఇష్టం లేకనా, కష్టమనిపించా, ఇంకెవరైనా వద్దన్నారా?"
2. "కష్టమనిపించడానికి కారణమైన సంఘటన ఏదైనా ఉందా?"
3. "ఆ కష్టం తీరే దారి ఉంటే అప్పుడూ వద్దంటావా?"

మూడో ప్రశ్నకు కూడా "వద్దు" అని వస్తే అది నిజమైన ఇష్టాయిష్టం. అక్కడ ఆగిపోవాలి.

## 6. రెండు రంగాల్లో రాణించే విద్యార్థి విషయంలో ప్రత్యేక జాగ్రత్త

గణితంలోనూ భాషలోనూ మంచి మార్కులు వచ్చే అమ్మాయిలు చాలామంది. వారితో "నీకు భాష ఇంకా బాగా వచ్చు, అటు వెళ్లు" అనడం నిష్పాక్షికమైన సలహాగానే తోస్తుంది, మార్కులను బట్టే కదా చెప్పామని.

పదిహేనేళ్ల విద్యార్థులకు పలు దేశాల్లో పెట్టే పీసా (PISA) పరీక్షల 2012 సమాచారాన్ని పరిశీలించిన థామస్ బ్రెదా, క్లొటిల్డ్ నాప్ 2019లో ఒక విషయం బయటపెట్టారు. గణిత సంబంధమైన చదువుల వైపు వెళ్లాలన్న కోరికలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉన్న తేడాలో చాలా భాగానికి కారణం, అమ్మాయిలకు గణితంతో పోలిస్తే పఠనంలో ఎక్కువ బలం ఉండటం. అంటే గణితంలో సమర్థులే, కానీ పఠనంలో ఇంకా సమర్థులు.

కాబట్టి ఒక విద్యార్థి సబ్జెక్టులను ఒకదానితో ఒకటి పోల్చి సలహా చెప్పకండి. "ఏది ఎక్కువ?" అని కాకుండా "ఈ రంగానికి కావలసినంత ఉందా?" అని చూడండి. రెండు రంగాలకూ సరిపోతే రెండూ విద్యార్థి ముందు పెట్టండి.

## 7. కుటుంబం, దూరం, జీతం: అందరినీ అడగండి, లేదా ఎవరినీ అడగకండి

"రాత్రి విధులు ఉంటాయి, ఇంట్లో ఒప్పుకుంటారా?" అనే ప్రశ్న అమ్మాయిలకే వస్తుంది. "ఈ జీతంతో కుటుంబాన్ని పోషించగలవా?" అనే ప్రశ్న అబ్బాయిలకే వస్తుంది. రెండూ నష్టమే చేస్తాయి. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాలని ఉన్న అబ్బాయి, రోగులకు సేవ చేయాలని ఉన్న అబ్బాయి ఎదుర్కొనే నిరుత్సాహం గురించి మాట్లాడేవారు తక్కువ. కానీ ఆ బాధ చిన్నది కాదు.

నిజమైన అడ్డంకులను దాచమని చెప్పడం లేదు. భద్రత నిజమైన సమస్య అయిన చోట దాని గురించి చెప్పాల్సిందే. అయితే దాన్ని ఆ వృత్తికి సంబంధించిన సమాచారంగా, ప్రతి ఒక్కరికీ చెప్పండి: పని వేళలు ఇవి, ప్రయాణం ఇంత, వసతి ఇలా ఉంటుంది, వేధింపులు ఎదురైతే ఫిర్యాదు చేసే మార్గం ఇది. సమస్య చెప్పి, దాన్ని ఎదుర్కొనే దారి చెప్పకుండా వదిలేస్తే అది వద్దని చెప్పడమే.

పెళ్లి, పిల్లల ప్రసక్తి విద్యార్థి తెస్తేనే మాట్లాడండి.

## 8. అభిరుచి పరీక్షలు, సిఫార్సు లేఖలు

పరీక్ష కాబట్టి పక్షపాతం ఉండదనుకోకండి. వృత్తి అభిరుచులను కొలిచే పరీక్షల్లో బాగా పేరున్న స్ట్రాంగ్ ప్రశ్నావళి పురుషులకు 1927లో, స్త్రీలకు 1933లో వేర్వేరుగా వచ్చింది. రెండింటినీ కలిపి ఒకే పత్రంగా చేసింది 1974లో. మీరు వాడే పరీక్ష విషయంలో ఇవి తెలుసుకోండి:

- స్కోరును అందరితో పోలుస్తుందా, విద్యార్థి లింగానికి చెందినవారితోనే పోలుస్తుందా? రెండింటికీ అర్థం వేరు.
- ప్రశ్నల్లోని పనులు ఒక లింగం వారికి చిన్నప్పటి నుంచి ఎక్కువ పరిచయం ఉన్నవేనా? కారు ఇంజిన్ ఎప్పుడూ ముట్టుకోని వ్యక్తికి అది "ఇష్టం లేదు" అని గుర్తు పెట్టడానికి కారణం పరిచయం లేకపోవడమే కావచ్చు.
- అభిరుచి స్కోరును సామర్థ్యంగా చదువుతున్నామా?

సగటున పురుషులు వస్తువులతో, స్త్రీలు మనుషులతో చేసే పనుల వైపు మొగ్గు చూపుతారని 2009లో వచ్చిన ఒక విస్తృత విశ్లేషణ చూపింది. ఆ తేడా చిన్నది కాదు. కానీ సగటు మీ ఎదురుగా కూర్చున్న విద్యార్థి గురించి ఏమీ చెప్పదు. తన గురించి చెప్పగలిగేది తనే.

సిఫార్సు లేఖల విషయానికి వస్తే, ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా 2003లో ఒక అమెరికన్ వైద్య విద్యాసంస్థకు వచ్చిన 300కు పైగా లేఖలను పరిశీలించారు. స్త్రీల కోసం రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి. వాటిలో సందేహం రేపే మాటలు, "కష్టపడుతుంది" తరహా మెచ్చుకోళ్లు ఎక్కువ. 2012లో కొరిన్ మాస్-రాకుసిన్ బృందం 127 మంది విజ్ఞానశాస్త్ర అధ్యాపకులకు ఒకే దరఖాస్తును కొందరికి మగ పేరుతో, కొందరికి ఆడ పేరుతో పంపింది. మగ పేరున్న దరఖాస్తుకు సామర్థ్యం ఎక్కువని అంచనా వేశారు, సగటున 30,238 డాలర్ల జీతం సూచించారు. ఆడ పేరుకు 26,508 డాలర్లు. అధ్యాపకుల్లో మహిళలు కూడా పురుషులలాగే తూచారు. "నేను మహిళనే కాబట్టి నాకు ఈ సమస్య లేదు" అనుకునే కౌన్సెలర్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

లేఖ పంపే ముందు చూసుకోవలసినవి:

- "బుద్ధిమంతురాలు, శ్రద్ధగా ఉంటుంది" వంటి మాటల పక్కన ఏం సాధించిందో రాశారా?
- "అతనిలో సహజమైన ప్రతిభ ఉంది" అన్న చోట ఆధారం ఉందా?
- పేరు మార్చి చదివితే ఏ వాక్యమైనా ఎబ్బెట్టుగా ఉందా?
- అబ్బాయిలకు, అమ్మాయిలకు రాసిన లేఖల నిడివి దాదాపు సమానమేనా?

## 9. ఇరవై పేజీలు నిండాక పోల్చి చూడండి

పేజీలను ఒక సహోద్యోగికి ఇవ్వండి. పేరు కనిపించకుండా "నేను ప్రస్తావించిన వృత్తులు", "నా జవాబు" గడులు మాత్రమే చదివి, ఆ విద్యార్థి అబ్బాయో అమ్మాయో ఊహించమనండి. ఊహ ఎక్కువసార్లు నిజమైతే, మీ మాటలే విద్యార్థి లింగాన్ని పట్టిస్తున్నాయన్నమాట. క్రియలు వాడవద్దని రెండో అడుగులో చెప్పింది ఇందుకే.

తర్వాత మీరే లెక్కించండి:

- ప్రమాణానికి సరిపోయినా ఒక రంగాన్ని ప్రస్తావించని సందర్భాలు ఎవరివి?
- సందేహానికి ధైర్యం చెప్పినవి ఎన్ని, వెంటనే ఒప్పుకున్నవి ఎన్ని? విడివిడిగా రాయండి.
- కుటుంబం గురించిన ప్రశ్నలు ఎవరి పేజీల్లో ఉన్నాయి?

విద్యార్థులు చివరికి ఏం ఎంచుకున్నారో లెక్కించి బాధపడకండి, సంతోషించకండి కూడా. ఎంపిక మీద ఇంటి ప్రభావం, స్నేహితుల ప్రభావం, సొంత ఇష్టం అన్నీ ఉంటాయి. మీరు చూపించిన దారుల లెక్క మాత్రం పూర్తిగా మీదే. ఇరవై పేజీలు ఏదీ తిరుగులేకుండా నిరూపించవు. తేడా కనిపించిన చోట ఆ పేజీలను ఒక్కొక్కటిగా మళ్లీ చదవండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

అతిగా సరిదిద్దడం. పక్షపాతం పోగొట్టుకోవాలని ప్రతి అమ్మాయినీ ఇంజనీరింగ్‌లోకి తోయడం. బోధన అంటే ప్రాణం పెట్టే అమ్మాయికి "ఇంకా పెద్దది ఆలోచించు" అనడం అవమానం. మందు: ఐదో అడుగులోని మూడు ప్రశ్నలు అడిగి, జవాబును నమ్మండి.

అరుదైన ఉదాహరణలే చూపడం. ప్రపంచ ప్రసిద్ధులైన మహిళా శాస్త్రవేత్తల పేర్లు చెబితే కొందరికి ఉత్సాహం వస్తుంది, మరికొందరికి "అంత గొప్పవాళ్లకే సాధ్యం" అనిపిస్తుంది. మందు: ఆ కోర్సులో రెండేళ్ల ముందు చేరిన సాధారణ విద్యార్థితో మాట్లాడించండి.

"ఆడవాళ్లయినా బాగా చేస్తున్నారు" అనడం. మెచ్చుకోవాలనే అంటాం, కానీ "అయినా" అన్న ఒక్క మాటతో వారు మినహాయింపు అని చెప్పేస్తాం. మందు: ఆ పని ఎలా చేస్తారో మాత్రమే చెప్పండి.

తల్లిదండ్రులతో మరో మాట. విద్యార్థికి ఒకటి చెప్పి, తల్లిదండ్రులు అడిగితే "మీ ఇష్టం" అని తప్పుకోవడం. మందు: ముగ్గురూ ఉన్నప్పుడు అవే ఆధారాలు, అదే క్రమంలో చెప్పండి.

## 11. పొరపాటు దొరికాక ఏం చేయాలి

నోటు పుస్తకంలో ఒక పేరు కనిపిస్తుంది. ప్రమాణానికి సరిపోయినా ఆ రంగం పేరు మీరు చెప్పలేదు. దరఖాస్తు గడువు ఇంకా మిగిలి ఉంటే ఆ వారంలోనే ఆ విద్యార్థిని పిలిపించండి.

సంజాయిషీలు అక్కర్లేదు. "కిందటిసారి నీకు ఒక రంగం గురించి చెప్పడం మరచిపోయాను. నీ మార్కులు, నువ్వు చెప్పిన ఆసక్తులు దానికి సరిపోతాయి. చెబుతాను, విని నువ్వే నిర్ణయించుకో" అంటే చాలు. ప్రవేశ అర్హతలు, దరఖాస్తు తేదీ, ఫీజు, స్కాలర్‌షిప్ వివరాలు రాసిన కాగితం చేతికివ్వండి.

గడువు దాటిపోతే, ఆ రంగంలోకి తర్వాత మారే మార్గాలు (డిప్లొమా, అనుబంధ కోర్సు, మరుసటి ఏడాది ప్రవేశం) వెతికి అదే కాగితం మీద రాసివ్వండి. తర్వాత మీ ప్రమాణాల కాగితం తీసి, ఆ రంగం పక్కన ఒక గుర్తు పెట్టండి. వచ్చే విద్యార్థితో మాట్లాడేటప్పుడు మొదట చూసుకోవలసిన గడి అదే.